అమెరికా హైస్కూల్ సాకర్‌లో రెఫరీ అవ్వాలంటే: మారిన రూల్స్ చదవడం, పిల్లలకు దెబ్బలు తగలకుండా చూడటం ఎలా

ఫ్రిస్కో, ఎడిసన్, కమ్మింగ్, క్యారీ లాంటి ఊళ్లలో హైస్కూల్ సాకర్ మ్యాచ్‌కి వెళ్తే మన పిల్లలు కనిపిస్తారు, కుర్చీలు వేసుకుని మన తల్లిదండ్రులూ కనిపిస్తారు. విజిల్ పట్టుకుని గ్రౌండ్ మధ్యలో ఉన్న మనవాళ్లు మాత్రం నాకు అరుదుగానే తగిలారు. అవసరం చూస్తే చాలా ఉంది. దేశంలో హైస్కూల్ ఆటలకు రూల్స్ రాసే సంస్థ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్. 2018-19 తర్వాత కొద్ది సీజన్లలోనే అన్ని ఆటల్లో కలిపి సుమారు 50,000 మంది రెఫరీలు, అంపైర్లు మానేశారని ఆ సంస్థే చెప్పింది. రెఫరీ దొరక్క మ్యాచ్‌లు వాయిదా పడుతున్నాయి. అంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి: ముగ్గురు ఉండాల్సిన చోట ఇద్దరే దొరికితే, బంతికి దూరంగా జరిగే మోచేతి దెబ్బను చూసే కళ్లు తగ్గిపోతాయి.

ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం, మొదలుపెట్టి ఏటా మారే రూల్స్‌తో తికమక పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆఫ్‌సైడ్ తప్పుగా ఇస్తే ఒక గోల్ పోతుంది, అంతే. తలకు దెబ్బ తగిలిన పిల్లాణ్ణి గ్రౌండ్‌లోనే ఉంచేస్తే పోయేదాన్ని ఎవరూ తిరిగి తేలేరు. అందుకే కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం పిల్లల భద్రత గురించే.

1. ముందు మీ వీసా సంగతి చూసుకోండి

ఇది మనవాళ్లకు ప్రత్యేకం కాబట్టి మొదటే చెబుతున్నాను. రెఫరీకి మ్యాచ్‌కి ఇంత అని డబ్బు ఇస్తారు. ఎక్కువ చోట్ల అది 1099 కింద, అంటే ఉద్యోగిగా కాక సొంతంగా పని చేసేవాళ్లకు వచ్చే ఆదాయం. మీరు హెచ్‌-1బీ మీద ఉంటే మీ స్పాన్సర్ దగ్గర తప్ప ఇంకెక్కడా సంపాదించడానికి వీల్లేదు. హెచ్‌-4 మీద ఉండి ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) లేకపోయినా అంతే. "డబ్బు తీసుకోను, ఊరికే చేస్తాను" అన్నా, మామూలుగా జీతమిచ్చి చేయించే పని కాబట్టి అదీ చిక్కు తెచ్చే అవకాశం ఉంది. రిజిస్టర్ అయ్యే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్, హెచ్-4 ఈఏడీ ఉన్నవాళ్లకు ఈ బెడద లేదు.

2. రాష్ట్ర సంఘంలో రిజిస్టర్ అవ్వండి

ప్రతి రాష్ట్రానికీ హైస్కూల్ ఆటలు చూసే సంఘం ఒకటి ఉంటుంది. టెక్సస్‌లో యూఐఎల్, న్యూజెర్సీలో ఎన్‌జేఎస్‌ఐఏఏ, జార్జియాలో జీహెచ్‌ఎస్‌ఏ, కాలిఫోర్నియాలో సీఐఎఫ్. రెఫరీలుగా ఎలా చేరాలో వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. ఫీజు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, రూల్స్ పరీక్ష, సీజన్‌కి ముందు మీటింగ్, ఆపై మీ ప్రాంతంలో మ్యాచ్‌లు పంచే అసైనర్‌తో పరిచయం. సీజన్ ఎప్పుడో కూడా కనుక్కోండి. న్యూజెర్సీలో సెప్టెంబర్‌కి మొదలైపోతుంది. టెక్సస్‌లో జనవరిలో, జార్జియాలో ఆ తర్వాత వసంతంలో ఆడతారు.

3. మీ చేతిలో ఉన్నది ఏ రూల్ పుస్తకం?

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆడి పెరిగినవాళ్లకు, టీవీలో ప్రీమియర్ లీగ్ చూసేవాళ్లకు తెలిసింది ఐఎఫ్‌ఏబీ (ప్రపంచ ఫుట్‌బాల్ రూల్స్ రాసే సంస్థ) రాసిన లాస్, అంటే ఆట నియమాలు. క్లబ్ సాకర్ కూడా దాదాపు వాటితోనే నడుస్తుంది. హైస్కూల్ పుస్తకం వేరు. ఇక్కడ ఆట 40 నిమిషాల చొప్పున రెండు భాగాలు. గడియారం స్కోర్‌బోర్డు మీద అందరికీ కనిపిస్తూ వెనక్కి నడుస్తుంది. ఇంజ్యురీ టైమ్ అంటూ చివర్లో కలపడం ఉండదు, అవసరమైనప్పుడు గడియారాన్నే ఆపుతారు. బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రావచ్చు, సబ్‌స్టిట్యూషన్లకు లెక్క లేదు. ఎల్లో కార్డ్ చూసిన ఆటగాడు గ్రౌండ్ వదిలి వెళ్లాలి, అతని స్థానంలో ఇంకొకరు రావచ్చు.

ఐఎఫ్‌ఏబీ మార్చింది కదా అని హైస్కూల్లోనూ మారినట్టు అనుకోకండి. 2025లో ఐఎఫ్‌ఏబీ, గోల్‌కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి టీముకు కార్నర్ కిక్ అని పెట్టింది. మర్నాటి నుంచే ఒక తండ్రి సైడ్‌లైన్ నుంచి సెకన్లు లెక్కపెడుతూ అరవవచ్చు. మీరు పాటించాల్సింది మీ చేతిలో ఉన్న ఈ ఏటి హైస్కూల్ పుస్తకాన్ని. అలాగే 2015లో యూఎస్ సాకర్ (దేశంలో ఈ ఆటను చూసే సంఘం), 10 ఏళ్లు, అంతకు లోపు పిల్లలు తలతో బంతి ఆడకూడదని, 11 నుంచి 13 ఏళ్లవాళ్లకు ప్రాక్టీసులో పరిమితి ఉండాలని చెప్పింది. హైస్కూల్ మ్యాచ్‌లో హెడింగ్‌కి ఆ నిషేధం లేదు. దాని అర్థం ఏమిటో కూడా చూడండి: కొన్నేళ్లపాటు తలతో ఆడటం సరిగ్గా నేర్చుకోని పిల్లలు, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి తమకంటే అడుగు పొడవున్నవాళ్లతో గాల్లోకి లేస్తున్నారు. జేవీ (స్కూలు రెండో జట్టు) మ్యాచ్‌లు చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

4. మార్పుల్ని చదివే పద్ధతి

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ సాకర్ రూల్స్ కమిటీ చలికాలంలో కూర్చుంటుంది. రాష్ట్రాల నుంచి వచ్చిన ప్రతిపాదనలు చూసి, మార్పుల్ని సీజన్‌కి నెలల ముందే ప్రకటిస్తారు. పుస్తకం రాగానే మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టకండి. మార్పుల జాబితా, ఆ మార్పు ఎందుకు చేశారో చెప్పే వ్యాఖ్య, ఆపైన 'పాయింట్స్ ఆఫ్ ఎంఫసిస్' అనే భాగం, ఈ వరుసలో చదవండి. లోపల మారిన వాక్యాలకు వెనక రంగు వేసి ఉంటుంది, వాటికి ముందూ వెనకా ఉన్న వాక్యాలతో కలిపి చదవండి. పాయింట్స్ ఆఫ్ ఎంఫసిస్‌ని చాలామంది దాటేస్తారు. నా మటుకు నాకు అవే ముఖ్యం. కొత్త రూల్ కాదు గానీ, దేశమంతటా రెఫరీలు చూసీ చూడనట్టు వదిలేస్తున్నది ఏమిటో అక్కడ తెలుస్తుంది.

చివరగా మీ రాష్ట్ర సంఘం ఏవైనా సొంత సవరణలు పెట్టిందేమో చూడండి. ప్రతి మార్పు పక్కనా పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసుకోండి: ఈ రూల్ ఎవరికి, ఎలాంటి దెబ్బ తగలకుండా ఆపుతుంది? కొన్నింటికి జవాబు ఉండదు, అవి ఆట నడకకు సంబంధించినవి. జవాబు దొరికినవి మాత్రం ఇక మరిచిపోరు.

5. మ్యాచ్‌కి అరగంట ముందు గ్రౌండ్ చుట్టూ నడవండి

ముందు గోల్ పోస్టులు. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న లోహపు ఫ్రేమ్ అది. జరిపే రకం గోల్స్ వందల పౌన్ల బరువుంటాయి. నేలకు బిగించకపోతే ఒక పిల్లాడు క్రాస్‌బార్ పట్టుకుని ఊగితే చాలు, ముందుకు తిరగబడుతుంది. అలా తలల మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనలు ఉన్నాయి కాబట్టే వినియోగదారుల భద్రతా కమిషన్ 1995లోనే గోల్స్ బిగించడం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. హైస్కూల్ రూల్ కూడా అదే చెబుతుంది. వెనకవైపు బార్ మీద ఇసుక సంచులో, నేలలోకి దిగ్గొట్టిన యాంకర్లో ఉన్నాయా చూడండి. ఫ్రేమ్‌ని చేత్తో మెల్లగా ముందుకు నెట్టి చూడండి. వెనక కాళ్లు నేల నుంచి లేస్తే మ్యాచ్ మొదలుపెట్టకండి. సంచులు తెప్పించడానికి పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

తర్వాత నేల. స్ప్రింక్లర్ మూతలు, గుంటలు, టర్ఫ్ అతుకులు ఊడిన చోట్లు. అదే గ్రౌండ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడితే ఆ స్తంభాలకు మెత్తటి కవర్లు ఉన్నాయా, టచ్‌లైన్‌కి ఆనుకుని బెంచీలు, హర్డిల్స్ వదిలేశారా చూడాలి.

6. ఒంటి మీద ఏముందో చూడండి

పిల్లలందరికీ సరైన సామాను ఉందని కోచ్ మీకు చెప్పాలి, అది రూల్. ఆ మాట తీసుకున్నాక కూడా మీ కళ్లతో చూడండి. షిన్‌గార్డుల మీద నాక్‌సే (ఆట సామానుకు భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) ముద్ర ఉండాలి, ఆ పిల్లల ఎత్తుకు తగిన సైజు ఉండాలి, కింది అంచు చీలమండకు 2 అంగుళాల లోపే ఉండాలి. ఈ మధ్య అరచేతిలో పట్టేంత షిన్‌గార్డులు పెట్టుకోవడం ఫ్యాషన్ అయింది. ప్రొఫెషనల్స్‌ని చూసి వచ్చిన అలవాటు. పదిహేనేళ్ల పిల్లాడి కాలి ఎముకను అది కాపాడదు. వెనక్కి పంపండి, సరైనవి పెట్టుకుని రమ్మనండి.

నగలు కూడదు. చెవి పోగుల మీద టేప్ వేసినా కుదరదు, తీసేయాల్సిందే. మతపరమైన పతకం ఉంటే గొలుసు లేకుండా ఒంటికి టేప్‌తో అంటించి జెర్సీ లోపల ఉంచుకోవచ్చు. మెడికల్ అలర్ట్ కూడా టేప్ వేసి ఉంచుకోవచ్చు, రాసింది మాత్రం కనిపించేలా ఉండాలి. ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట: పాప ముక్కుపుడక, బాబు మెడలో సన్న గొలుసు, చేతికి గాజు మ్యాచ్ రోజు ఇంట్లోనే తీసి పంపండి. ఆఖరి నిమిషంలో సైడ్‌లైన్ దగ్గర తీయించాల్సి వస్తే ఆ పిల్లకి చిన్నతనంగా ఉంటుంది. ముక్కు కొత్తగా కుట్టించాలనుకుంటే సీజన్ అయ్యాక కుట్టించండి. రక్ష దారం లాంటివి ఉంటే ముందే స్కూలు ద్వారా రాష్ట్ర సంఘాన్ని అడిగి పెట్టుకోండి.

రెఫరీగా మీరు ఈ మాటలు చెప్పేటప్పుడు గొంతు తగ్గించండి. "అమ్మా, అది తీసి మీ కోచ్‌కి ఇచ్చి రా, ఇక్కడే ఉంటాను" అంటే చాలు. అందరి ముందూ నిలబెట్టకండి.

7. కోచ్‌లతో, ట్రైనర్‌తో రెండు నిమిషాలు

అథ్లెటిక్ ట్రైనర్ (ఆటగాళ్ల దెబ్బలు చూసే నిపుణులు) ఎవరు, ఎక్కడ నిలబడతారు, ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడుంది, అంబులెన్స్ ఏ గేటు నుంచి లోపలికి వస్తుంది, ఆ గేటు తాళం ఎవరి దగ్గర ఉంది. టాస్ కంటే ముందు ఈ జవాబులు మీకు తెలిసి ఉండాలి. ట్రైనర్ లేని స్కూలైతే ఏఈడీ దగ్గరికి ఎవరు పరిగెడతారో కోచ్‌ని పేరు పెట్టి చెప్పమనండి.

రెండు జట్ల కోచ్‌లకూ నేను చెప్పే మాట ఒకటే: "తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే వెంటనే ఆపేస్తాను, బయటికి పంపుతాను. దాని మీద చర్చ ఉండదు." ఆట మొదలవక ముందు ఈ మాట అంటే ఎవరూ నొచ్చుకోరు.

8. గాల్లో జరిగే పోరు మీద కన్ను వేయండి

మొత్తం వ్యాసంలో మీరు ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి. 2005 నుంచి 2014 వరకు హైస్కూల్ సాకర్‌లో జరిగిన కంకషన్ల (తల దెబ్బతో మెదడు అదిరే గాయాల) మీద 2015లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అబ్బాయిల్లో దాదాపు మూడో వంతు, అమ్మాయిల్లో నాలుగో వంతు కంకషన్లు తలతో బంతి ఆడేటప్పుడే అయ్యాయి. అయితే ఆ సందర్భాల్లో ఎక్కువసార్లు తలకు తగిలింది బంతి కాదు, ఇంకో ఆటగాడు. తలకు తల, తలకు మోచెయ్యి, తలకు భుజం. అంటే వీటిలో మంచి భాగం ఇప్పటికే రూల్స్ ప్రకారం ఫౌల్ అయిన పనులు. వాటిని ఆపడానికి కొత్త రూల్ అక్కర్లేదు. విజిల్ వేసే రెఫరీ ఉంటే చాలు.

కాబట్టి పొడవాటి గోల్ కిక్ వస్తున్నా, కార్నర్ వస్తున్నా బంతి వైపు చూడకండి. అది ఎక్కడ పడుతుందో ఒక్క క్షణంలో అంచనా వేసి, అక్కడ లేవబోయే ఇద్దరి మీదికి చూపు మార్చండి. ముందు చేతులు చూడండి. ఎగరడానికి చేతులు కొంచెం పక్కలకు లేస్తాయి, అది సహజం. మోచెయ్యి భుజం కంటే పైకి లేచి, పిడికిలి బిగిసి, చెయ్యి వెనక్కి ఊగుతుంటే అది ఎగరడానికి కాదు. ఆటగాడి కళ్లు చెప్పేస్తాయి కూడా: బంతిని చూస్తున్నాడా, లేక పక్కవాడు ఎక్కడున్నాడో ఓరకంట వెతుకుతున్నాడా? మొదటి సందర్భంలో మోచెయ్యి పొరపాటున తగిలితే ఫ్రీ కిక్. నిర్లక్ష్యంగా విసిరితే ఎల్లో. బలంగా ముఖం మీదికి వేస్తే రెడ్, అందులో రెండో ఆలోచన వద్దు.

రెండోది కాళ్లు. ఒకడు గాల్లోకి లేచాక, ఇంకొకడు తాను ఎగరకుండా వంగి అతని కిందికి వెనక్కి జరుగుతాడు. పైవాడు అతని వీపు మీంచి దొర్లి తలో మెడో నేలకు కొట్టుకునేలా పడతాడు. స్టాండ్స్‌లో ఉన్నవాళ్లకు పైనుంచి పడ్డవాడే తప్పు చేసినట్టు కనిపిస్తుంది. అరుపులు వినకండి. కింద దూరినవాడిదే ఫౌల్.

మొదటి పది నిమిషాల్లో వచ్చే మొదటి మోచేతిని మీరు ఎలా తీసుకున్నారన్న దాన్ని బట్టి మిగతా 70 నిమిషాలు నడుస్తాయి. దాన్ని వదిలేస్తే దెబ్బ తిన్నవాడి స్నేహితుడు రెండో భాగంలో లెక్క సరిచేస్తాడు. అలాంటప్పుడు అడ్వాంటేజ్ ఇవ్వాలని (ఫౌల్ అయినా ఆట సాగనివ్వాలని) తహతహలాడకండి, విజిల్ వేయండి.

9. తలకు దెబ్బ తగిలినప్పుడు

ఆట ఆపండి, గడియారం ఆపమని చేత్తో చూపండి, కోచ్‌ని, ట్రైనర్‌ని లోపలికి పిలవండి. పిల్లాణ్ణి మీరు లేపకండి, ఇంకెవర్నీ లేపనివ్వకండి.

మీ పని రోగం తేల్చడం కాదు, లక్షణం కనిపెట్టడం. స్పృహ తప్పడం, తలనొప్పి, కళ్లు తిరగడం, అయోమయం, నడకలో తూలడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే బయటికి పంపాలి. తగిన వైద్య నిపుణులు ఒప్పుకునేదాకా తిరిగి ఆడకూడదు. 2010 నుంచి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ పుస్తకాల్లో ఉన్న రూల్ ఇదే. పక్కన మోకాళ్ల మీద కూర్చుని మామూలు మాటలే మాట్లాడండి. స్కోరెంత? గోల్ ఎవరు కొట్టారు? మనం మొదటి భాగంలో ఉన్నామా, రెండో భాగంలోనా? జవాబు తప్పయితే అది లక్షణమే. జవాబు సరైనదే అయినా ఆలస్యంగా, ఎక్కడినుంచో వెతుక్కుని తెచ్చినట్టు వస్తే అదీ లక్షణమే. "బాగానే ఉన్నా సార్" అని పిల్లలు అంటారు. ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి, ఆడాలన్న తపనతో అనే మాట అది.

2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఆటలోకి దిగాడు. ఆట అయ్యేసరికి కుప్పకూలాడు. మెదడుకు పెద్ద గాయం, ఏళ్ల తరబడి చికిత్స. అతని పేరు మీదనే 2009లో ఆ రాష్ట్రం దేశంలో మొదటి కంకషన్ చట్టం చేసింది. 2014 నాటికి యాభై రాష్ట్రాలూ చేశాయి. కాబట్టి మీరు బయటికి పంపినప్పుడు మీ వెనక రూల్ పుస్తకంతో పాటు రాష్ట్ర చట్టమూ ఉంటుంది.

కోచ్ ఏమంటాడో ముందే తెలుసుకోండి. సమయం పోతుందంటాడు: గడియారం ఆగే ఉంది. పదిమందితో ఆడాలా అంటాడు: సబ్‌స్టిట్యూషన్లకు లెక్కే లేదు, ఇంకొకరిని దింపవచ్చు. ప్రొఫెషనల్ ఆటలో కంకషన్ సబ్‌స్టిట్యూట్ కోసం ఏళ్ల తరబడి వాదించి, 2024లో గానీ లాస్‌లోకి తేలేదు. హైస్కూల్లో ఆ ఇబ్బంది మొదటినుంచీ లేదు. ఆ పిల్లాణ్ణి లోపలే ఉంచడానికి ఒక్క కారణం కూడా మిగలదు.

తలకు మెత్తటి బ్యాండ్ కట్టుకున్న పిల్లల విషయంలోనూ ఇదే పద్ధతి. అది ఉందని ధైర్యం తెచ్చుకోకండి.

రక్తం వస్తుంటే బయటికి పంపండి. రక్తం ఆగి, గాయానికి కట్టు కట్టి, రక్తం అంటిన జెర్సీ మార్చాకే లోపలికి.

10. ఎవరూ తగలకుండానే పిల్లాడు పడిపోతే

గుండె ఆగిందనే అనుకోండి. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం చూసి మూర్ఛ అని, గొంతులో గురక వినిపించి ఊపిరి ఆడుతోందని జనం పొరబడతారు. పిలిస్తే పలకకపోతే 911కి ఒకరు, ఏఈడీకి ఒకరు, ఛాతీ మీద నొక్కడానికి ఒకరు, ఒకేసారి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ఏఈడీ వచ్చేదాకా ఆపకూడదు. రెఫరీ అవుతున్నవాళ్లు సీపీఆర్ క్లాసుకి ఒక శనివారం కేటాయించండి. అది మీ ఇంట్లో పెద్దవాళ్లకూ పనికొస్తుంది.

11. ఉరుము, ఎండ

ఉరుము వినపడినా, మెరుపు కనపడినా ఆట ఆపి అందర్నీ భవనంలోకో బస్సులోకో పంపండి. చెట్టు కింద, డగౌట్‌లో, టెంట్ కింద కాదు. చివరి ఉరుము నుంచి 30 నిమిషాలు. మధ్యలో ఇంకోటి వినిపిస్తే మళ్లీ మొదటినుంచి 30. ఎండల్లో మ్యాచ్ అయితే మీ రాష్ట్రం పాటించే వెట్ బల్బ్ (ఎండ, తేమ కలిపి వేడిని కొలిచే) పద్ధతి ప్రకారం నీళ్ల విరామాలు ఎప్పుడెప్పుడో ట్రైనర్‌తో ముందే మాట్లాడుకోండి.

12. ఇంటికి వెళ్లేలోపు రాసేయండి

రెడ్ కార్డ్ ఇచ్చినా, తల దెబ్బతో ఎవర్నైనా పంపినా, తల్లిదండ్రులు హద్దు మీరినా, కారులో కూర్చుని అప్పుడే రాయండి. ఆటగాడి జెర్సీ నంబర్, గడియారంలో మిగిలిన సమయం, గ్రౌండ్‌లో ఎక్కడ, మీరు ఎంత దూరంలో ఉన్నారు, ఏం చూశారు, ఏ మాటలు విన్నారు. అన్న మాట అన్నట్టే రాయండి, బూతు అయినా సరే. మీ అభిప్రాయం, కోపం అందులో వద్దు. తల దెబ్బ విషయంలో ఏ లక్షణం చూసి పంపారో, ఎవరికి అప్పగించారో రాయడం మరవకండి, ఆ పిల్లాడు తిరిగి ఎప్పుడు ఆడాలో తేల్చే డాక్టర్‌కి అది అక్కరకొస్తుంది. రాష్ట్ర సంఘం పెట్టిన గడువు లోపల పంపించి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.